ఆ ఎలుకకి కడుపునొప్పి ఎందుకు రావాలి?

పిల్లల బొమ్మల పుస్తకాల్లో పండగ పిండివంటలు కాజేసే జంతువులంటే నాకు మహా ఇష్టం. ఉట్టి మీదికి ఎగబాకే పిల్లి, డబ్బా మూత ఊడదీసి అరిసెలు లాగేసే కోతి, పీట కింద నక్కి ఉండ్రాళ్ళ వాసనకి ముక్కు ఎగబీల్చే ఎలుక... అన్నీ ఇష్టమే. నాకు పడనిదల్లా ఆ పుస్తకాల చివరి పేజీ. అక్కడికొచ్చేసరికి పిల్లికి మూతి కాలుతుంది. కోతి చెయ్యి డబ్బాలో ఇరుక్కుంటుంది. ఎలుకకి కడుపునొప్పి వస్తుంది, డాక్టర్ ఏనుగుగారు ఇంత పొడుగు సూది పట్టుకుని నిలబడతారు. కింద లావుపాటి అక్షరాల్లో నీతి: అత్యాశ పనికిరాదు.

ఇవాళ నా పేచీ ఆ చివరి పేజీతోనే.

మేముండేది సికింద్రాబాద్ వెస్ట్ మారేడ్‌పల్లిలో. మా అపార్ట్‌మెంట్లో ఆదివారం పొద్దున పదింటికి సెల్లార్లో రెండు కార్లు పక్కకి తీయించి, చాపలు పరిచి, పిల్లల్ని కూర్చోబెట్టి, వంతులవారీగా ఒక్కో అమ్మ ఒక్కో పుస్తకం చదివి వినిపిస్తాం. కిందటి వినాయక చవితికి ముందు ఆదివారం ఒకావిడ చదివిన పుస్తకంలో, పూజకి సర్దిపెట్టిన పళ్ళెంలోంచి ఎలుక ఒక్కో ఉండ్రాయీ మాయం చేస్తూ ఉంటుంది. ఇంట్లోవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు అనుమానించుకుంటారు. చివరికి చూస్తే ఎలుక విగ్రహం వెనకాల వెల్లకిలా పడి, బొజ్జ మీద చేతులేసుకుని గుర్రు పెడుతూ ఉంటుంది. అంతే, కథ అయిపోయింది. నీతి లేదు, సూది లేదు. పిల్లలు నవ్వి నవ్వి చాపల మీద దొర్లారు.

రాత్రి వాట్సాప్ గ్రూపులో మాత్రం ఎవరూ నవ్వలేదు. "దొంగతనం చేస్తే బావుంటుందని చెప్పడమే కదండీ ఇది?" అని ఒకరు. "దేవుడికి పెట్టకముందే ఎంగిలి చేస్తే నవ్వుతారా? పిల్లలకి భయం భక్తీ ఉండక్కర్లేదా?" అని ఇంకొకరు. "పళ్ళేనికి పళ్ళెం తిన్నా ఏమీ కాదని చూపిస్తే ఎలా? అసలే మావాడికి తిండి దగ్గర హద్దుండదు" అని మూడో ఆవిడ.

అంతటితో ఆగితే నేనిదంతా రాసేదాన్ని కాదు. మా చిన్నది రెండో తరగతి. అది చదివే బళ్ళో (పేరెందుకులెండి) క్లాసు లైబ్రరీ పుస్తకాలన్నీ వడపోశారు. నీతి దొరకనివన్నీ బీరువాలోకి వెళ్ళాయి. మిగిలిన వాటితో పాటు పిల్లలకి ఒక కాగితం ఇస్తున్నారు. కథలో ఎవరు తప్పు చేశారు, వారికి ఏమైంది, మీరేం నేర్చుకున్నారు అని మూడు ప్రశ్నలు. ఇప్పుడు మా పిల్ల పుస్తకం తెరవకముందే "అమ్మా, ఇందులో తప్పు చేసేదెవరు?" అని అడుగుతోంది. ఏడేళ్ళ పిల్ల కథలోకి ఎస్సైలా అడుగుపెడుతోంది. నాకు ఒళ్ళు మండింది.

అందుకని ఆ మూడు అభ్యంతరాలూ ఒక్కొక్కటిగా తీసుకుందాం.

మొదటిది, దొంగతనం నేర్పుతుందని.

పుస్తకం చూసి ఏ పిల్లా దొంగతనంగా తినడం నేర్చుకోదు. అక్షరాలు రాకముందే వాళ్ళకి డబ్బా ఎక్కడుందో తెలుసు, ఏ స్టూలు ఎక్కితే అందుతుందో తెలుసు, మనం ఏ టైముకి కునుకు తీస్తామో కూడా తెలుసు. పుస్తకంలో దొంగ జంతువే ఎందుకవుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? పిల్ల తను చెయ్యలేని పనిని దాని చేత చేయించుకుంటుంది. తనకి చెయ్యాలని ఉంటుంది, చెయ్యకూడదనీ తెలుసు. ఎలుక చేసేస్తే తనకి తృప్తి, మన డబ్బాకి క్షేమం. ఇంత సులువైన ఏర్పాటుని చెడగొట్టుకునేవాళ్ళు తెలివైనవాళ్ళేనా?

ఇంకో మాట. కృష్ణాష్టమి వస్తే మనం ఏం చేస్తాం? నడక రాని బుడతడికి కూడా నెమలి పింఛం పెట్టి, చేతికి వెన్నకుండ ఇచ్చి, మూతికి ఇంత వెన్న పూసి, ఫొటో తీసి డీపీ పెట్టుకుంటాం. ఊరి వెన్నంతా దొంగిలించినవాడి వేషం అది! పోతనగారి భాగవతంలో ఆ పిల్లాడు రోలు తిరగేసి, దాని మీదకెక్కి, ఉట్టి మీది వెన్న తీసి కోతికి పెడుతూ ఉంటే యశోద చూస్తుంది. గమనించారా? దొంగతనమూ ఉంది, అల్లరి జంతువూ ఉంది, అది తింటున్న తిండీ ఉంది. మన బొమ్మల పుస్తకానికి ముడిసరుకంతా అక్కడే ఉంది. ఆ తర్వాత తల్లి రోలుకి కట్టేసిందనుకోండి. ఆ రోలు ఈడ్చుకుంటూ పోయి రెండు మద్దిచెట్లు పడగొట్టి, శాపంలో ఉన్న ఇద్దరికి విముక్తి కలిగించాడు. శిక్షలోంచి కూడా మంచే పుట్టింది తప్ప బుద్ధి రాలేదు. దాన్ని భక్తిగా వింటాం. అదే పని కాగితం మీద ఎలుక చేస్తే గ్రూపులో మెసేజీలు.

"మరి నిజం కోతుల సంగతి?" అంటారేమో. సైనిక్‌పురి, అల్వాల్ వైపు మా చుట్టాలున్నారు, కోతుల బాధేంటో నాకు తెలుసు. తెలంగాణ పల్లెల్లో కోతులకి భయపడి పల్లీ వెయ్యడం మానుకున్న రైతులున్నారు. 2020లో నిర్మల్ దగ్గర కోతుల కోసం ఒక సంరక్షణ కేంద్రమే పెట్టాల్సి వచ్చింది. గుడి దగ్గర కోతికి కొబ్బరిచిప్ప అందించొద్దని పిల్లలకి తప్పకుండా చెప్పాలి. నేనూ చెప్తాను. ఆ మాట గుడి మెట్ల మీద చెప్పాలి. పుస్తకంలో కోతి కోతి కాదని మనకంటే పిల్లలకే బాగా తెలుసు. చొక్కా వేసుకుని, గొడుగు పట్టుకుని వచ్చే కోతిని మీరు అల్వాల్లో ఎక్కడైనా చూశారా?

రెండోది ఎంగిలి. ఇది చాలామందికి నిజంగా నొచ్చుకునే విషయం కాబట్టి కాస్త నెమ్మదిగానే మాట్లాడతాను.

మనమంతా చవితి నాడు అక్షింతలు పట్టుకుని కూర్చుని వినే వ్రతకథ ఒకసారి గుర్తు తెచ్చుకోండి. భక్తులు పెట్టిన కుడుములూ ఉండ్రాళ్ళూ వినాయకుడు తను తిని, కొన్ని తన వాహనానికి కూడా పెడతాడు. వాహనం ఎవరు? ఎలుకే! అంటే పండగ పిండివంటలో ఎలుక వాటా శాస్త్రోక్తంగా ఉంది. ఎలుక ఉండ్రాయి తింటే అపచారమన్న మాట ఆ కథ ఏటా వినేవాళ్ళ నోటి నుంచి రావడమే నాకు ఆశ్చర్యం.

తర్వాత ఏమైంది? పొట్ట నిండా తిని కైలాసానికి వెళ్ళిన వినాయకుడు తల్లిదండ్రులకి వంగి దండం పెట్టలేక అవస్థ పడుతుంటే, శివుడి తల మీదున్న చంద్రుడు పకపకా నవ్వాడు. శాపం ఎవరికి తగిలింది? తిన్నవాడికా, నవ్వినవాడికా?

ఈ ప్రశ్న నేను మా సెల్లార్లో పిల్లల్ని అడిగాను. అందరూ ఒక్కసారిగా "చంద్రుడికీ!" అని అరిచారు. ఎక్కువ తిన్నవాడికి పాపం పొట్ట పగిలిందని కథ జాలిపడింది, మళ్ళీ బతికించింది, ఇవాళ్టికీ మొదటి పూజ వాడికే ఇస్తోంది. పక్కవాడి పొట్ట చూసి వెటకారంగా నవ్వినవాడిని మాత్రం ఆ రోజు చూడటానికే భయపడేట్టు చేసింది. మనకి నీతే కావాలంటే ఇంతకంటే గొప్ప నీతి ఏ పుస్తకంలో దొరుకుతుంది? తినేవాళ్ళని చూసి నవ్వకు. ఈ కథ ఇంట్లో పెట్టుకుని, బజార్లోంచి "తిండిపోతు ఎలుక"కి సూది పొడిచే పుస్తకం కొనుక్కొస్తున్నాం.

ఎంగిలి అంటే గుర్తొచ్చింది. మన తెలంగాణలో బతుకమ్మ మొదలయ్యేదే ఎంగిలిపూల బతుకమ్మతో. శబరి ఎంగిలి పళ్ళ కథ చెప్పుకుని కళ్ళు తుడుచుకుంటాం. తిన్నడు రుచి చూసి మరీ పెట్టిన మాంసం శివుడు తిన్నాడని శ్రీకాళహస్తిలో దండం పెట్టుకుంటాం. ఆ ఊరి పేరులోనే సాలీడు, పాము, ఏనుగు ఉన్నాయి. నాగుల చవితికి చలిమిడి, చిమ్మిలి పట్టుకెళ్ళి పుట్ట దగ్గర పెడతాం. కనుమకి పశువుల పండగ. సంక్రాంతికి మా అమ్మమ్మ ఊళ్ళో ధాన్యపు కుచ్చులు చూరుకి వేలాడదీసేవాళ్ళు, పిచ్చుకలొచ్చి తిని పోవడానికి. బియ్యప్పిండి ముగ్గు వేస్తే చీమలకి విందు. పెద్దల పేరు చెప్పి పెట్టిన ముద్ద కాకి ముట్టుకుంటే గానీ మనం ముద్ద ముట్టుకోం. ఇన్ని జంతువులకి మన పండగలు విస్తరి వేశాయి. వాటిలో ఒక్కటి పిల్లల పుస్తకంలోకొచ్చి కాస్త ముందుగా కూర్చుంటే మన భక్తికి ఏం తక్కువైందట?

మూడోది ఆరోగ్యం. ఇది అడిగిన తల్లి బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఇంట్లో ఎన్ని చాక్లెట్లు ఉండాలో వంటింట్లో తేలాలి, పుస్తకంలో కాదు. ఎరిక్ కార్ల్ గారి ఆకలేసిన గొంగళిపురుగు పుస్తకం, 1969లో వచ్చింది, మీలో చాలామంది ఇళ్ళల్లో ఉండే ఉంటుంది. అది శనివారం నాడు కేకు, ఐస్‌క్రీమ్, పచ్చడి దోసకాయ, పుచ్చకాయ ముక్క, ఇంకా బోలెడు తింటుంది. కడుపునొప్పి వస్తుంది. మర్నాడు ఒక పచ్చటి ఆకు తింటే తగ్గిపోతుంది. తర్వాత? సీతాకోకచిలుక అవుతుంది! తిన్నందుకు దాన్ని ఎవరూ తిట్టలేదు. ఎక్కువ తింటే నొప్పి రావడం వేరు, ఎక్కువ తిన్నావు కాబట్టి నీకు ఇలాగే కావాలి అనడం వేరు. మొదటిది పొట్ట సంగతి. రెండోది పగ. మన వాళ్ళు రాసే చివరి పేజీల్లో నాకు కనిపించేది రెండోదే.

"మన సంప్రదాయమే నీతికథలు కదమ్మా, పంచతంత్రం మాటేంటి?" అని మా అత్తయ్యగారు అడిగారు. మంచి ప్రశ్న. విష్ణుశర్మ ఆ కథలు చెప్పింది రేపు రాజ్యం ఏలాల్సిన రాజకుమారులకి. శత్రువెవరో మిత్రుడెవరో తెలుసుకోకపోతే తల పోయే ఉద్యోగం వాళ్ళది. రాత్రి అన్నం తిని, అమ్మ మోకాలి మీద తల పెట్టుకుని పడుకోబోయే మూడేళ్ళ పిల్లకి అంత రాజనీతి అర్జెంటుగా అవసరం లేదు.

పోనీ వాటినే సరిగ్గా చదువుదాం. మిత్రలాభంలో ఒక నక్క కథ ఉంది. దానికి ఒకేసారి లేడి, అడవిపంది, వేటగాడు చచ్చి పడి దొరుకుతారు. ఇంత మంచి మాంసం దాచుకుని మెల్లిగా తిందాం, ఇవాళ్టికి వింటినారి కొరుక్కుందాం అనుకుంటుంది. నారి తెగి, విల్లు ఎగిరి తగిలి చస్తుంది. చిన్నప్పుడు మా టీచరు ఇది దురాశ కథ అని చెప్పారు. మళ్ళీ చూడండి. ఆ నక్క తిన్నందుకు చావలేదు. ఎదురుగా ఉన్న మంచి తిండి తినకుండా దాచుకుని, పనికిరానిది కొరికినందుకు చచ్చింది. నేతిబొబ్బట్లు అందరికీ వడ్డించి, "నాకిప్పుడు వద్దులే" అని మాడిన ముక్క కొరుక్కునే ప్రతి ఇల్లాలూ చదవాల్సిన కథ అది!

నా అసలు కోపం ఇక్కడుంది.

మన ఇళ్ళల్లో పండగ వంట ఎలా సాగుతుందో మగవాళ్ళకి చెప్పాలి గానీ మీకు చెప్పక్కర్లేదు. ముందురోజు బియ్యం నానబోసి, నీడన ఆరబెట్టి, తడి పూర్తిగా ఆరకముందే పిండి పట్టించి, జల్లించి, పాకం ముదరకుండా చూసుకుని, అరిసె నూనెలోంచి తీసి గట్టిగా నొక్కి... నడుము పడిపోతుంది. సకినాలైతే ఇరుగుపొరుగు ఆడవాళ్ళందరూ బట్ట చుట్టూ కూర్చుని చేత్తో చుట్టలు చుట్టాలి. ఇంత చేస్తూ రుచి చూడకూడదు. నైవేద్యం అయ్యేదాకా ఉప్పు సరిపోయిందో లేదో నాలిక మీద వేసుకోకూడదు. తర్వాత దేవుడు, తర్వాత మగవాళ్ళు, తర్వాత పిల్లలు, తర్వాత వచ్చినవాళ్ళు. వండిన మనిషి అడుగున మిగిలినది తింటుంది. ఉపవాసం కూడా చాలాసార్లు ఆవిడకే. అయ్యాక ఉప్పు తక్కువైందన్న మాట పడేదీ ఆవిడే.

అలాంటి ఇంట్లో, ఎవరి అనుమతీ లేకుండా, వరసలో నిలబడకుండా, వేడి వేడి ఉండ్రాయి మొదట తినే ప్రాణి ఒక్కటే ఉంది. బొమ్మల పుస్తకంలో ఎలుక. నా తరఫున ఉప్పు చూసిపెట్టిన ఎలుక. దానికి సూది పొడుస్తామంటే నేనెలా ఊరుకుంటాను?

చివరి పేజీ నీతి ఎవరికి తగులుతుందో చూడండి. కథ విన్న మగపిల్లాడు రెండు రోజుల్లో మర్చిపోతాడు. వాడు నాలుగు గారెలు ఎక్కువ తింటే "ఎదిగే వయసు, తిననివ్వండి" అంటారు. ఆడపిల్లకి ఆ నీతిని ఇల్లంతా కలిసి గుర్తు చేస్తుంది. "అంత తినకూడదమ్మా, లావైపోతావు", "అందరూ తిన్నాక తిందువుగాని", "ఆడపిల్లవి, ఆ ఆబేంటి?" మా పెదనాన్నగారింట్లో కజిన్లం పది మందిమి. బూరెల పళ్ళెం వచ్చినప్పుడు మగపిల్లల చేతులు పళ్ళెంలోకి వెళ్ళేవి, ఆడపిల్లల చూపులు అమ్మల మొహాల్లోకి వెళ్ళేవి. ఆ చూపు మాకు పుట్టుకతో రాలేదు. ఎవరో నేర్పారు. కొంత అమ్మలు నేర్పారు, కొంత కథలు నేర్పాయి. తిండి మీద ఆశపడ్డ పిల్లికి మూతి కాలిన ప్రతిసారీ మాలో ఎవరో ఒకరం చెయ్యి వెనక్కి తీసుకున్నాం.

దొంగగా తిన్నందుకు శిక్ష అని రాస్తున్నామనుకుంటాం. పిల్ల చదువుకునేది వేరు. తినాలనిపించడమే తప్పని చదువుకుంటుంది. ముప్పై ఏళ్ళ తర్వాత తను వండిన పండగ వంట తనే ఆఖరున, నిలబడి, చల్లారిపోయాక తింటూ "నాకు ఇలాగే ఇష్టం" అంటుంది. మీకు ఇలాంటి ఆడవాళ్ళు ఎంతమంది తెలుసో లెక్కపెట్టండి. మీతో కలిపి.

బయటి దేశాలవాళ్ళు బాగా రాస్తారు, మనకి చేతకాదు అనబోవడం లేదు. వాళ్ళ సంగతీ చూద్దాం. జుడిత్ కెర్ 1968లో రాసి బొమ్మలేసిన పుస్తకంలో ఒక పులి తలుపు కొట్టి, తల్లీ కూతుళ్ళ దగ్గరకి టీకి వస్తుంది. బన్నులు, బిస్కెట్లు, కేకు, పొయ్యి మీద ఉడుకుతున్న రాత్రి వంట, ఫ్రిజ్‌లోవి, ఆఖరికి కుళాయిలో నీళ్ళు కూడా తాగేసి, థాంక్స్ చెప్పి వెళ్ళిపోతుంది. శిక్షా లేదు, నీతీ లేదు. అందుకే ఇన్నేళ్ళ తర్వాత కూడా పిల్లలకి అదంటే ప్రాణం. కానీ ఆ తల్లికి వచ్చిన మొదటి దిగులేమిటో తెలుసా? ఆయనొస్తే రాత్రికి ఏం పెట్టాలీ అని! చదువుతూ నేను పకపకా నవ్వాను. లండన్ అయితేనేం, మారేడ్‌పల్లి అయితేనేం. చివరికి ఆ భర్త ముగ్గురం హోటల్‌కి వెళ్దాం పదండి అంటాడు. పులికి శిక్ష వేసే పేజీలో ఆవిడ రచయిత్రి ఆ తల్లికి వంట లేని రాత్రి ఇచ్చింది. ఎంత తెలివైన ఆవిడ!

ఇంకోటి, బీట్రిక్స్ పాటర్ 1904లో రాసిన రెండు అల్లరి ఎలుకల కథ. మొగుడూ పెళ్ళాం ఎలుకలు బొమ్మరింట్లో దూరి విందు చూసి లొట్టలేస్తాయి. తీరా అవి రంగులేసిన బొమ్మ పదార్థాలు. కోపమొచ్చి అన్నీ పగలగొడతాయి. ఇంతవరకు ఎంత బావుందో! చివర్లో నష్టపరిహారం కట్టాలి. మొగుడెలుక క్రిస్మస్ ముందు రాత్రి బొమ్మల మేజోడులో ఒక వంకర నాణెం వేస్తుంది. ఒక్కసారితో సరి. పెళ్ళామెలుక? రోజూ తెల్లారకముందే చీపురు పట్టుకొచ్చి బొమ్మరిల్లు ఊడ్చి పోతుంది! తప్పు ఇద్దరిదీ, జీవితకాలం ఊడ్పు ఒకరిది. చివరి పేజీలని నేను ఎందుకు అనుమానంగా చూస్తానో ఇప్పుడర్థమైందా?

మరి మన పండగ తిండి మన పుస్తకాల్లో ఎక్కడుంది? 2012లో అమెరికాలో సంజయ్ పటేల్, ఎమిలీ హేన్స్ కలిసి వినాయకుడి తీపి పిచ్చి మీద ఒక బొమ్మల పుస్తకం చేశారు. లడ్డూ కొరికి దంతం విరగ్గొట్టుకునే బుల్లి వినాయకుడు, పక్కన ఎలుక. రంగులు చూస్తే నోరూరుతుంది. దంతం విరిగిందని బుద్ధి చెప్పకుండా, ఆ విరిగిన దంతంతోనే మహాభారతం రాయిస్తారు. అంత సరదాగా మన ఉండ్రాయిని మనమెందుకు గీయించుకోకూడదు? మన ఊళ్ళోనే, తార్నాకలో, మంచి పుస్తకం వాళ్ళున్నారు. తక్కువ ధరలో తెలుగు పిల్లల పుస్తకాలు తెస్తున్నారు. తూలికా వాళ్ళవి, ప్రథమ్ వాళ్ళవి తెలుగులో దొరుకుతున్నాయి. ప్రథమ్ వాళ్ళ స్టోరీవీవర్‌లో 2015 నుంచీ ఫోన్‌లోనే ఉచితంగా చదవొచ్చు, మనమే ఒక కథ రాసి పెట్టొచ్చు కూడా. చందమామ 1947 జులైలో మొదలైనప్పుడు పిల్లల కోసం బొమ్మలతో పత్రిక నడపగలిగిన భాష మనది. చేతకాకపోవడమన్న మాటే లేదు.

సికింద్రాబాద్‌లో పెరిగే పిల్లకి ఏడాది పొడుగునా ఎన్ని రుచులో చూడండి. ఆషాఢంలో ఉజ్జయిని మహంకాళి బోనాలు. దసరా ముందు సద్దుల బతుకమ్మకి మలీద, నువ్వుల ముద్దలు, సత్తుపిండి. రంజాన్‌కి పక్కింటివాళ్ళు పంపే షీర్ ఖుర్మా గిన్నె. క్రిస్మస్‌కి మెట్టుగూడ, లాలాగూడ నుంచి వచ్చే కేకు ముక్కలు, కుల్‌కుల్స్, అచ్చు ముంచి నూనెలో విడిపించే గులాబీ పువ్వులు. సంక్రాంతికి సకినాలు. ఇన్ని వాసనలున్న ఊళ్ళో ఒక పిల్లి బుద్ధిగా ఇంట్లో కూర్చుంటుందా? పిట్టగోడల మీద నడుచుకుంటూ ఏడాదంతా ఇల్లిల్లూ తిరిగి తినే పిల్లి కథ ఇక్కడ పుట్టకపోతే ఇంకెక్కడ పుడుతుంది? ఏ ఇంట్లోనూ దానికి మతం అడగరు. ఏ పేజీలోనూ మూతి కాలదు.

రాసేవాళ్ళకి, గీసేవాళ్ళకి నా కోరికలు మూడే. జంతువుని తిననివ్వండి. తిన్నాక నిద్రపోనివ్వండి. మూడోది, ఆ పళ్ళెంలో ఉన్నవి ఎవరు వండారో ఒక్క పేజీలో గీయండి. చెంగు దోపుకుని, చెమట తుడుచుకుంటూ, పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషిని. వీలైతే ఆవిడ చేతిలో కూడా ఒక ఉండ్రాయి పెట్టండి, వేడిగా ఉన్నప్పుడే.

టీచర్లకి ఒక మాట. ఆ కాగితంలో మూడు ప్రశ్నలు కొట్టేసి, ఒకటి రాయండి: ఈ కథలో నీకు ఏది తినాలనిపించింది? పిల్లలు పేజీ నిండా రాస్తారు. తెలుగు రాదని మీరు బాధపడే పిల్లలు కూడా రాస్తారు. అరిసె, బూరె, గారె, మలీద... ఎన్ని మాటలు నేర్చుకుంటారో మీరే చూద్దురుగాని.

తల్లులకి ఒక చిట్కా. ఇంట్లో ఇప్పటికే ఉన్న పుస్తకాల్లో సూది పేజీ ఉంటే, ఒక పేజీ ముందే పుస్తకం మూసేసి "తినేసి హాయిగా పడుకుంది, కథ కంచికి" అనండి. పిల్లలు చదవడం నేర్చుకుని మిమ్మల్ని పట్టుకునేలోపు మనకి మూడు నాలుగేళ్ళు టైముంది.

ఇక మనకి. చవితి రాబోతోంది. దేవుడి పళ్ళెంలో తీసిపెట్టాక, వాయిలో మిగిలిన వాటిలోంచి ముందు మీకొకటి తీసుకోండి. నైవేద్యం దాకా ఆగుతానంటే ఆగండి, అది మీ ఇష్టం. కానీ హారతి అయిన మరుక్షణం, ఎవరికీ విస్తరి వేయకముందు, కూర్చుని, ఆవిరి పోకముందే తినండి. మీ కూతురు చూస్తుండగా తినండి.